రాజేశం కన్నీళ్లు, నా తొందరపాటు

సూది ఎలా వెయ్యాలో, కుట్లు ఎలా కడగాలో, కాన్పు గదిలో డాక్టరమ్మకు అడ్డం రాకుండా ఎక్కడ నిలబడాలో నాకు జగిత్యాలలో నేర్పారు. ఎదురుగా కూర్చున్న మనిషి ఉన్నట్టుండి భోరుమంటే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. నేర్పేవాళ్లకూ తెలియదేమో. "ఏడువకు, ఏడువకు" అని భుజం తట్టి, తర్వాతి పేషెంటును పిలవడమే అప్పటి వైద్యం. ఇప్పటికీ చాలా చోట్ల అదే నడుస్తోంది.

నా పేరు షాహీన్. పుట్టింది కోరుట్ల. మా అబ్బాజాన్ దర్జీ. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కాబట్టి పేషెంట్లను రెండు భాషల్లో తిట్టగలను. తిట్టాను కూడా, దాచడం దేనికి. మా జగిత్యాల వైపు ఇబ్రహీంపట్నంలో చాలా ఏళ్లు, కోరుట్లలో కొన్నేళ్లు, చివరికి సిరిసిల్లలో మానసిక రోగుల ఓపీలో నర్సుగా చేసి రిటైరయ్యాను. ప్రమోషన్లు, బదిలీలు, సర్వీసు పుస్తకాల గొడవ ఇక్కడ రాయను. అవి చదివి ఎవరూ బాగుపడలేదు.

పోయిన నెలలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక పిల్ల ఫోన్ చేసింది. "మేడం, ఒకామె వారం వారం అస్తది, కూసుంటది, ఏడుస్తది. కారణం చెప్తలేదు. నేనేం చెయ్యాలె?"

"చెప్తలేదా, ఆమెకే తెలుస్తలేదా?" అన్నాను.

ఆ రెండింటికీ తేడా ఉందని ఆ పిల్లకు అప్పుడే తట్టినట్టుంది. నాకు తట్టడానికి సగం సర్వీసు పట్టింది. మిగతా సగం ఎలా గడిచిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పద్మ మెడ

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఇళ్ల మగవాళ్లు గల్ఫులో ఉంటారు. అందుకని అక్కడ ఏ ఆడమనిషి కంట్లో నీళ్లు కనిపించినా కారణం ముందే తయారుగా ఉంటుంది. పద్మను వాళ్ల అత్త తీసుకొచ్చింది. అన్నం వండుతూ ఏడుస్తుంది, పసుపు ఆరబోస్తూ ఏడుస్తుంది, ఎవరూ ఏమీ అనకపోయినా ఏడుస్తుంది.

నేను రెండో మాట అడగలేదు. "మొగడు యాదికొస్తుండా? రోజు ఫోన్ల మొఖం చూస్తనే ఉన్నవు గదా. నీ తీరు ఎంతమంది లేరు? మనసు గట్టి చేసుకో" అని పంపించేశాను. ఆమె మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ అదే పాట పాడాను.

మా డాక్టరు గారు పెద్దాయన. ముక్కు మీద కోపం. నాలుగోసారి పద్మ వచ్చినప్పుడు ఆయన వరండాలోనే ఉన్నారు. నా ప్రసంగమంతా విని లోపలికి పిలిచారు.

"సిస్టర్, మొగని కోసం ఏడుస్తున్ననని ఆమె చెప్పిందా, నువ్వు చెప్పినవా?"

నాకు తల కొట్టేసినట్టయింది. నిజమే, ఆమె ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. ఆయన ఆమెను కూర్చోబెట్టి మెడ తడిమారు. జుట్టు ఊడుతోందా, అందరికీ ఉక్కగా ఉన్నప్పుడు నీకు చలి పెడుతోందా, బరువు పెరిగావా, నెలసరి సరిగ్గా వస్తోందా అని అడిగారు. అన్నింటికీ ఆమె తలూపింది. రక్తం పరీక్షకు పంపితే థైరాయిడ్ అని తేలింది. నాలుగుసార్లు నా ఎదురుగా కూర్చున్న మనిషి, ఉబ్బిన మొహం, వాచిన మెడ. నాకు కనిపించింది గల్ఫు ఒక్కటే.

మాత్రలు మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు పద్మ నవ్వుతూ వచ్చింది. "సిస్టరమ్మా, ఆయన ఇప్పుడు గూడ యాదికొస్తనే ఉంటడు. గని ఏడుపు అస్తలేదు" అంది. నేను సిగ్గుతో నవ్వాను.

కాబట్టి నర్సు పిల్లలూ, మనసు దగ్గరికి పోయే ముందు ఒంటిని చూడండి. థైరాయిడ్, రక్తం తక్కువ కావడం, నిద్ర లేకపోవడం, నెలసరి ఆగిపోయే వయసు, ఎప్పటినుంచో ఉన్న నొప్పి, కొత్తగా మొదలుపెట్టిన ఏదో ఒక మాత్ర. వీటిలో ఏదైనా కన్నీళ్లు తెప్పించగలదు. బాలింత రెండు వారాలు దాటినా ఏడుస్తూనే ఉంటే అది గారాబం కాదు, జబ్బు. డాక్టరుకు చూపించాలి. "ఏడిస్తే పాలు పాడైతయి" అనే సిస్టరు ఎదురైతే చెంప పగలగొట్టాలనిపిస్తుంది నాకు. ఒకప్పుడు నేనూ అన్నాను, అందుకే అంత కోపం. ఒంట్లో ఏమీ లేదని తేలితే అప్పుడు మనసులో దిగులు జబ్బు ఉందేమో చూడాలి. దానికీ మందుంది, మాట్లాడే పద్ధతి ఉంది. ఏదీ దొరక్కపోతే, "దొరకలేదు, మళ్లా రా, ఇంకోసారి చూద్దాం" అని చెప్పే ధైర్యం ఉండాలి. దొరకలేదని ఒప్పుకోలేక మనం కారణాన్ని మన ఇంటి నుంచి తెచ్చి వాళ్ల నెత్తిన పెడతాం.

ఇదంతా నేర్చేసుకున్నాననుకొని సిరిసిల్లకు వెళ్లాను.

సిరిసిల్లలో మగవాడు ఏడిస్తే

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. ఆ చప్పుడులోనే ఊరు నిద్ర లేస్తుంది. నేతపనివాళ్లు ప్రాణాలు తీసుకున్న చెడ్డకాలం ఒకటి ఆ ఊరు చూసింది. అక్కడ దాన్ని ఎవరూ మర్చిపోలేదు. అందుకే ఆడది ఏడిస్తే "ఏమైంది?" అని అడిగే ఊరు, మగవాడు ఏడిస్తే అడగదు. భయపడుతుంది. అక్కడ అందరి నోటా ఒకటే మాట, "ఏమన్న చేసుకుంటడా ఏంది."

మాకూ దానికి తగ్గట్టే శిక్షణ ఇచ్చారు. చావాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అవునంటే ఒంటరిగా వదలొద్దు, తాడు, పురుగుమందు, కత్తి లాంటివి అందకుండా చేయాలి, వెంటనే డాక్టరుకు చూపించాలి. మంచి శిక్షణ అది. ఈ రోజుకీ అక్షరం మార్చను. దాని వల్ల బతికిన మనుషులు నాకు తెలుసు. దాన్ని నేను వాడిన తీరులోనే తప్పుంది.

రాజేశానికి యాభై దాటి ఉంటాయి. ముప్పై ఏళ్లుగా సాంచెలు నడిపిన మనిషి. నేను పనిచేసిన చోటుకు ఆయన్ను భార్య సత్తవ్వ, బిడ్డ శ్రావణి చెరో పక్కన పట్టుకొని తీసుకొచ్చారు. సత్తవ్వ ఇంట్లో బీడీలు చుడుతుంది. శ్రావణి బట్టలు కుట్టే యూనిట్‌లో పనిచేస్తుంది.

"నెల రోజుల సంది గిట్లనే ఏడుస్తుండు సిస్టరమ్మా" అంది సత్తవ్వ. "బువ్వ పెడితె ఏడుస్తడు. టీవీల పిల్లలు పాట పాడితె ఏడుస్తడు. మొన్న పక్కింటాయన అచ్చి, బాగున్నవానే అన్నడు. గంతే, గుక్కపట్టి ఏడ్చిండు. పెండ్లయిన కాంచి నేను ఈయన కండ్లల్ల నీళ్లు చూడలే."

"అన్నా, అప్పులేమన్న ఉన్నయా?"

"లేవమ్మా."

"ఇంట్ల లొల్లి?"

"నా లొల్లే వాళ్లకు" అని నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఒక నిమిషం తర్వాత కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. ఆయన భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకొని నేల చూపులు చూశాడు.

నేను కుర్చీ దగ్గరికి జరిగి, శిక్షణలో చెప్పినట్టే మెల్లగా, సూటిగా అడిగాను. "అన్నా, చచ్చిపోవాలె అనిపిస్తున్నదా?"

"లేదమ్మా, నాకు సావాలని..." అన్నాడు. అంతే, మళ్లీ భోరుమన్నాడు.

సత్తవ్వ నోరు నొక్కుకుంది. శ్రావణి మొహం పాలిపోయింది. నేను ఆ ఏడుపునే జవాబుగా తీసుకున్నాను. నోటితో లేదన్నాడు, కళ్లు అవునన్నాయి, కళ్లు అబద్ధమాడవు అనుకున్నాను. అంత తెలివైనదాన్ని మరి! ఏడుపు ఆగాక ఆ వాక్యం ఎలా పూర్తయ్యేదో వినాలన్న బుద్ధి పుట్టలేదు.

ఆయన్ను బయట కూర్చోబెట్టి తల్లీబిడ్డలకు చెప్పాను. "ఒక్క నిమిషం గూడ ఒంటరిగ ఇడిచిపెట్టొద్దు. తాళ్లు, బ్లేడ్లు, మందులు అన్ని దాయుండ్రి. డాక్టరు గారు బేస్తవారం ఉంటరు, తప్పకుండ తీస్కరాండ్రి."

బేస్తవారం వాళ్లు రాలేదు. ఫోన్ చేస్తే, "బాపు రానంటుండు మేడం. నాకు పిచ్చా, పిచ్చోళ్ల డాక్టరు దగ్గరికెందుకు అంటుండు" అంది శ్రావణి. "మరి ఒక్కని ఇడుస్తలేరు గదా?" అన్నాను. "లేదు మేడం, వంతులేసుకొని కాస్తున్నం" అంది. హమ్మయ్య అనుకున్నాను. ఇంకో కేసు వచ్చింది, దాని వెనక ఇంకోటి వచ్చింది. చేతులు దులుపుకున్నట్టే అయింది.

వంతులేసుకొని కాయడం

మూడు వారాల తర్వాత శ్రావణి ఒక్కతే వచ్చింది. కళ్ల కింద నలుపు, చేతిలో టిఫిన్ డబ్బా.

"మేడం, ఇంకెన్ని దినాలు కాయాలె? పగలు అవ్వ, రాత్రి నేను. పనికి పోకపోతె నన్ను తీసేస్తమంటుండ్రు. బాపు పనికి పోదామంటె ఆసామి రానిస్తలేడు, నా షెడ్డుల ఏమన్న చేసుకుంటె నా మీదికస్తది అన్నడట. మేడం, అప్పుడు ఏడుస్తుండె గని మాట్లాడుతుండె. ఇప్పుడు బాపు మాట్లాడుతనే లేడు."

ఆసామి అంటే ఆ సాంచెల షెడ్డు నడిపే మనిషి. ఆయన్ను తప్పుపట్టలేను. ఆ భయాన్ని ఊరికి తెచ్చింది నేను కాదు గానీ, ఆ ఇంటికి ముద్ర వేసి ఇచ్చింది నేనే. ఆ మధ్యాహ్నమే బీపీ మిషను సంచిలో వేసుకొని వాళ్లింటికి వెళ్లాను.

రెండు గదుల ఇల్లు. బట్టలు ఆరేసే తీగ విప్పేశారు, తడి చీరలు గోడ మీద పరిచి ఉన్నాయి. సత్తవ్వ చాట ముందు కూర్చొని తునికాకు కత్తిరిస్తోంది. ఆ కత్తెరకు తాడు కట్టి కొంగుకు ముడేసుకుంది, మొగుడికి అందకుండా. రాజేశం గోడకు ఆనుకొని కూర్చున్నాడు. గడ్డం మాసిపోయింది. ఎందుకంటే గడ్డం గీసుకోవడానికి బ్లేడు ఇవ్వడం లేదు.

"ఎట్లున్నవే అన్నా?" అన్నాను.

ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అన్నాడు. "సిస్టరమ్మా, నువ్వే గదా చెప్పినవు గిట్ల చెయ్యుమని. అయితె నువ్వే చెప్పు. దొడ్డికి పోతె తలుపుకు గొళ్ళెం ఊడవీకిండ్రు. గొళ్ళెం లేదు సరే. లోపల కూసుండి మాట్లాడుకుంట ఉండాల్నట. ఆగితె తలుపు తీసుకొని అస్తది గీమె. ఏం మాట్లాడాలె నేను దొడ్ల కూసుండి?"

సత్తవ్వ విననట్టు ఆకు కత్తిరిస్తూనే ఉంది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మాట ఆగితె నా పానం ఆగినట్టయితది సిస్టరమ్మా. నేనేం జెయ్యాలె?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, అన్నిటికన్నా ఎక్కువ సిగ్గేసింది. ముప్పై ఏళ్లు పనిచేసి, ఇల్లు నడిపిన మనిషి, బిడ్డను చదివించిన మనిషి. నా ఒక్క మాటతో దొడ్లో కూడా కాపలా కింద బతుకుతున్నాడు. ఇలా ఇంకో నెల గడిస్తే ఆయనకు నిజంగానే చావాలనిపించినా ఆశ్చర్యం లేదు.

ఇంతలో పక్కింటి ముసలమ్మ తొంగిచూసి, "ఏమయ్యా రాజేశం, నర్సమ్మ సూదేస్తదని దాక్కుంటివా?" అని హాస్యమాడింది. రాజేశం నవ్వాడు. నవ్వు నోటిదాకా వచ్చి, అక్కడే తిరగబడి ఏడుపైంది. సత్తవ్వ ఒక్క దూకులో లేచింది. నేను ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

ఈసారి నేను ఏమీ అనలేదు, భుజం కూడా తట్టలేదు. ఊరికే కూర్చున్నాను. నిమిషమో, ఒకటిన్నర నిమిషమో. ఏడుపు దానంతటదే ఆగిపోయింది. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడిగాను.

"అన్నా, ఇప్పుడు ఏడ్చినవు గదా. లోపల బాధగుండెనా?"

ఆయన తలెత్తి చూశాడు. దాదాపు రెండు నెలలుగా ఈ మాట ఎవరు అడుగుతారా అని ఎదురుచూస్తున్నట్టు చూశాడు.

"లేదమ్మా. ముసల్ది మంచిగనే పరాష్కమాడింది, నాకు నవ్వే అచ్చింది. ఏడుపు నాది కాదు. కండ్లు ఏడుస్తున్నయి, నోరు ఏడుస్తున్నది. నేను లోపల కూసుండి చూస్తున్న, గిదెప్పుడు ఆగుతదని."

"మరి గీ ముచ్చట ఎన్నడు చెప్పకపోతివి?"

"చెప్పబోతెనే ఏడుపస్తది గదమ్మా. ఏడుపు చూసి మీరే అనుకుంటిరి."

ఇంకేం మాట్లాడను? సంచిలోంచి బీపీ మిషను తీశాను. ఓపీకి వచ్చిన రోజు ఆయన చేతికి ఆ పట్టీ చుట్టలేదు. ఇన్నేళ్ల నర్సును, మనసు జబ్బే అనే తొందరలో బీపీ చూడలేదు. ఇప్పుడు అంకె చూసి, మళ్లీ పట్టీ చుట్టి రెండోసారి చూశాను. అంత ఎక్కువుంది.

"గీ ఏడుపు మొదలు గాకముందు ఏమన్న అయిందా? కింద పడుడు, కండ్లు తిరిగి చక్కరొచ్చుడు?"

తల్లి, బిడ్డ మొహాలు చూసుకున్నారు. "ఒకనాడు సాంచె కాడ చక్కరొచ్చి పడ్డడు మేడం" అంది శ్రావణి. "మూతి జర పక్కకు పోయింది. గల్లీల మందులిచ్చెటాయన గ్లూకోజు ఎక్కిచ్చిండు. రెండు దినాలల్ల మూతి సక్కగైంది. బాగయ్యింది గదా అని మీకు చెప్పలే."

సత్తవ్వ చాటలో బీడీలు కట్టే దారం ఉంది. రెండు ముక్కలు తెంపి రాజేశం చేతిలో పెట్టాను. "అన్నా, పోగు తెగితె ఎట్ల ముడేస్తవో జర చూపియ్యి."

సాంచె మీద పోగు తెగితే నేతపనివాడు రెప్పపాటులో కొసలు కలిపి ముడేస్తాడు. చూసేవాళ్లకు ఆ ముడి కనిపించదు కూడా. రాజేశం కుడిచేయి తన పని తాను చేసింది. ఎడమచేతి వేళ్లు వెనకబడ్డాయి. దారం జారింది. రెండోసారీ జారింది. మూడోసారి ముడి పడింది గానీ బడిపిల్ల వేసినట్టు లావుగా పడింది.

సత్తవ్వ కత్తెర కింద పెట్టింది. "నీ చెయ్యి గిట్లున్నదని నాకెందుకు చెప్పలే?"

"ఎవరడిగిండ్రు?" అన్నాడు రాజేశం. "అందరు నా మనసు గురించే అడిగిరి."

ఆగనివ్వడం

మర్నాడు బేస్తవారం, మా ఓపీ డాక్టరు గారే నరాల డాక్టరుకు చీటీ రాశారు. కరీంనగర్‌లో స్కానింగు తీయించారు. చిన్న పక్షవాతం వచ్చి పోయింది. పోతూ పోతూ, నవ్వునూ ఏడుపునూ అదుపులో పెట్టే దారిని మెదడులో కొంచెం దెబ్బతీసి పోయింది. లోపల చిటికెడు కదిలితే చాలు, బయట భోరుమంటుంది. ఒక్కోసారి లోపల ఏమీ కదలకపోయినా అంతే. దానికో పేరుంది, మీ పుస్తకాల్లో దొరుకుతుంది. బీపీకి మాత్ర, రక్తం గడ్డకట్టకుండా మాత్ర, ఏడుపు తగ్గడానికి చిన్న మోతాదులో ఇంకో మాత్ర రాశారు. ఎడమచేతికి వ్యాయామం నేర్పించారు.

నేను వాళ్లింటికి మళ్లీ వెళ్లి రాజేశానికి మాఫీ అడిగాను. ఇలాంటివి ఫోన్లో అడగకూడదు. "తప్పు నాది అన్నా. నీ ఏడుపు చూసిన గని నీ మాట ఇనలే. నా మాట వల్ల నీ ఇజ్జత్ పోయింది, పనీ పోయింది" అన్నాను.

"గట్లంటవేంది సిస్టరమ్మా" అన్నాడు. ఏడ్చాడు. ఆగాక, "గిది గూడ నేను ఏడ్చింది కాదు" అన్నాడు. సత్తవ్వతో కలిపి ముగ్గురం నవ్వాం.

ఆ ఇంట్లో మేం నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయి కాబట్టి చెబుతాను. ఏడుపు మొదలు కాగానే చుట్టూ మూగొద్దు. "ఏడువకు" అనొద్దు. అంటే ఇంకా పెరుగుతుంది, మీరే చూడండి. వచ్చేటట్టుందని తెలియగానే రాజేశం లేచి నిలబడేవాడు, లేకపోతే కూర్చునే తీరు మార్చేవాడు. ఊపిరి మెల్లగా, బాగా పొడుగ్గా వదిలేవాడు. గోడ మీది క్యాలెండరు మీదో, చీర అంచు మీదో కళ్లు నిలిపి, ఈ డిజైనుకు ఎన్ని రంగుల పోగులు కావాలి అని ఆలోచించేవాడు. ఒక్కోసారి పనిచేసేది, ఒక్కోసారి చేసేది కాదు. చేయకపోతే ఏడ్చేవాడు. అన్నిటికన్నా బాగా పనిచేసింది మాత్రం, ఎదుటివాళ్లకు ముందే చెప్పడం. "నాకు నరాల జబ్బున్నది, ఊకె కండ్లల్ల నీళ్లస్తయి. రెండు నిమిషాలు ఆగుండ్రి, మల్ల మాట్లాడుకుందాం." సత్తవ్వకు ఈ మాట నచ్చలేదు. నలుగురిలో ఎందుకు చెప్పుకోవాలి అంది. "నలుగురు ఇప్పటికే వేరే చెప్పుకుంటుండ్రు గదా, నిజమే చెప్తె ఏం పోయింది?" అన్నాడు రాజేశం.

ఆసామి దగ్గరికి నేనే వెళ్లాను. షెడ్డులో మాట వినపడదు కాబట్టి బయట వేపచెట్టు నీడలో నిలబడి అంతా చెప్పాను. వెంటనే సాంచె ఇవ్వనన్నాడు. చెయ్యి పూర్తిగా తిరిగేదాకా నేనూ ఇవ్వొద్దనే అన్నాను. ముందు కండెలకు నూలు చుట్టే పనిలో పెట్టుకున్నాడు. అది ఎక్కువగా ఆడవాళ్లు చేసే పని. మగవాడు వాళ్లలో కూర్చొని ఏడిస్తే ఏమంటారో అని నేనే జంకాను. నాలుగో రోజు వెళ్లి చూస్తే, రాజేశం ఏదో ముచ్చట చెబుతూ మధ్యలో ఏడుపందుకున్నాడు. పక్కనున్నామె కండె తిప్పుతూనే, "జల్దీ కానియ్యి బావా, ముచ్చట సగంల ఉన్నది" అంది. నా ఉద్యోగంలో అంత మంచి కౌన్సెలింగ్ నేను చేసి ఎరగను.

మాత్ర కూడా పనిచేసింది. రోజుకు పదిసార్లు వచ్చేది రెండుసార్లకు దిగింది.

సత్తవ్వ ప్రయాణం

అన్నీ చక్కబడ్డాయి, ఒక్కటి తప్ప. సత్తవ్వ ఇంకా కాపలా మానలేదు. శ్రావణి పనికి పోతోంది, రాజేశం ఆసామి దగ్గరికి పోయొస్తున్నాడు. ఇంట్లో ఉన్నంతసేపూ మాత్రం సత్తవ్వ ఆయన వెంటే ఉంటుంది. గొళ్ళెం బిగించనివ్వలేదు. ఆమెను తిట్టే హక్కు నాకు లేదు. భయం పెట్టడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. తీయడానికి ఎన్ని నెలలు పడుతుందో ఎవరు చెప్పగలరు?

ఒక ఆదివారం పొద్దున ఆమె నుంచి ఫోన్ వచ్చింది. ఎల్లారెడ్డిపేటలో ఉన్న వాళ్ల అక్కకు ఆపరేషన్ అయింది. చూసి రావాలి. శ్రావణికి ఆ రోజు కూడా పనుంది. రాజేశం ఒక్కడే ఇంట్లో ఉండాలి.

"నువ్వొకసారి రా సిస్టరమ్మా. నువ్వు పొమ్మంటె పోత, వద్దంటె పోను" అంది.

ఆటోలో దారి పొడవునా నాకు ఒకటే ఆలోచన. మొదటిసారి తప్పు చేశాను. ఇప్పుడు పొమ్మని చెప్పి, మళ్లీ తప్పయితే? మూడు వారాలు కాపలా కాయించడం ఒక తప్పు. దానికి మాఫీ దొరికింది. ఈ తప్పుకు మాఫీ ఉండదు. ఈ ఉద్యోగంలో ఎప్పుడో ఒకప్పుడు మీరూ ఆ ఆటోలో కూర్చుంటారు. అప్పుడు ధైర్యం ఎక్కడినుంచో ఊడిపడదు. మళ్లీ అడగాలి, ఈసారి పూర్తిగా వినాలి. అంతే.

వెళ్లేసరికి సత్తవ్వ మంచి చీర కట్టుకొని, సంచి పక్కన పెట్టుకొని కూర్చుంది. శ్రావణి చెప్పులేసుకొని గుమ్మంలో నిలబడింది. నేను రాజేశం ఎదురుగా కూర్చొని, వాళ్లిద్దరి ముందే అడిగాను.

"అన్నా, సూటిగ అడుగుత. చచ్చిపోవాలె, ఏమన్న చేసుకోవాలె అని ఎన్నడన్న అనిపిస్తున్నదా?"

"లే..." అన్నాడు, ఏడుపు తన్నుకొచ్చింది.

సత్తవ్వ పిడికిళ్లు బిగుసుకున్నాయి. ఎవరం కదల్లేదు. ఆయన లేచి నిలబడ్డాడు, ఊపిరి పొడుగ్గా వదిలాడు, క్యాలెండరు వైపు చూశాడు. ఏడుపు వచ్చినంతసేపు వచ్చి ఆగిపోయింది. మొహం తుడుచుకొని మళ్లీ కూర్చున్నాడు.

"లేదు" అన్నాడు. గొంతు మామూలుగా ఉంది. "కాపలా పెట్టిన దినాలల్ల ఒకటి రెండుసార్లు అనిపిచ్చింది, అబద్ధమెందుకు. గిప్పుడు లేదు. అనిపిస్తె సత్తవ్వకు ఫోన్ చేస్త, నీకు చేస్త. గీ ఒక్క పూట నన్ను ఇంట్ల నా మానాన ఉండనియ్యుండ్రి. తలుపేసుకొని కూసుంట."

నేను ఇంకా నాలుగు మాటలు అడిగాను. నిద్ర, తిండి, మాత్రలు, రేపు ఏం చేస్తావు. రేపు ఆసామి మళ్లీ సాంచె ఇస్తానన్నాడట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది.

సత్తవ్వ నా వైపు తిరిగింది. "నీ మాట మీద ఇడిచిపోవాల్నా?"

"నా మాట మీద వద్దక్కా" అన్నాను. "ఆయన మాట మీద పో."

ఆమె లేచింది. కొంగుకు కట్టుకున్న కత్తెర విప్పి చాటలో పెట్టింది. సంచి తీసుకుంది. ముగ్గురం బయటికొచ్చాం. రాజేశం లోపలినుంచి తలుపేసుకున్నాడు.

గల్లీ మొదట్లో ఆటో ఆగి ఉంది. నాలుగడుగులు వేశామో లేదో, లోపల ఏడుపు వినిపించింది. పెద్దగానే వినిపించింది. శ్రావణి ఆగిపోయింది. నా కాళ్లూ ఆగాయి. సత్తవ్వ వెనక్కి తిరిగి తలుపు దాకా వెళ్లింది. చెయ్యి తలుపు మీదకు పోయింది, అక్కడే నిలిచింది. లోపల ఏడుస్తూనే ఉన్నాడు.

ఆమె చెయ్యి దించింది.

"టీవీల ఏదో పాట అచ్చినట్టుంది" అని, సంచి భుజానికి తగిలించుకొని ఆటో ఎక్కింది.